మొహమే చీటీ

బజారు మలుపులో ఆమె ఎదురుపడింది. రఫూ మాస్టారు నవ్వడానికి మొహం సిద్ధం చేసుకున్నాడు. ఆమె చూసింది. చూడకుండా పోయిందంటే సరిపెట్టుకోవచ్చు, నిండుగా చూసింది. కరెంటు స్తంభాన్ని చూసినట్టు చూసి, సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, పక్కనుంచి వెళ్లిపోయింది. సిద్ధం చేసుకున్న నవ్వుని ఏం చేయాలో తెలియక మాస్టారు దాన్ని ఎదురుగా వస్తున్న కుక్కకి ఇచ్చేశాడు.

ఇది కొత్త కాదు. డ్రైక్లీనింగ్ షాపులో ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద పనిచేస్తున్నారు. వెనకగదిలో ఇస్త్రీ బల్ల ఆమెది. ముందుగదిలో వీధివైపు కిటికీ పక్కన పీట ఆయనది. చిరిగిన చొక్కానో, పురుగు కొట్టిన కోటునో ఒడిలో పెట్టుకుని, ఆ బట్ట మడతల్లోంచే తీసిన పోగులతో కంతని అల్లి పూడుస్తాడు. పూడ్చాక కంత ఎక్కడుండేదో బట్ట సొంతదారు కూడా వేలు పెట్టి చూపించలేడు. ఆయనకున్న గర్వమంతా అదొక్కటే. షాపులో ఉన్నంతసేపూ ఆమె బాగానే ఉంటుంది. మాస్టారూ ఈ మోచేతి దగ్గర పోగు లేచింది చూస్తారా అంటుంది, టీ వస్తే ముందు ఆయన గ్లాసే అందిస్తుంది. గడప దాటిందా, ఆయనెవరో ఆమెవరో.

షాపులో అందరిదీ అదే ఫిర్యాదు. ఉతికే మెషీను దగ్గరుండే అతను ఆమెకి మహారాణి అని పేరు పెట్టాడు. ఆమె లేనప్పుడు అందరూ అలాగే అంటారు, మాస్టారుతో సహా. కళ్లు నెత్తికెక్కాయి అని ఆయన ఇంటికెళ్లి భార్యతో అన్నాడు. మీ మొహమేమన్నా సినిమా పోస్టరా నిలబడి చూడ్డానికి అని ఆవిడ కూరగాయలు తరుగుతూనే జవాబిచ్చింది.

ఆ వారమే కౌంటరు దగ్గరుండే అమ్మాయి పురిటికి సెలవు పెట్టింది. ఓనరు ఆలోచించి ఆలోచించి, కౌంటర్లో మహారాణిని కూర్చోబెడతానన్నాడు. ఎందుకంటే ఆ షాపులో ఏ బట్ట ఎవరిదో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె వద్దంది. నాకు బల్ల దగ్గరే బాగుంటుందండీ అని రెండుసార్లు అంది. ఓనరు దాన్ని మొహమాటం కింద జమకట్టి, భుజం మీద ఇస్త్రీ వాసన పోకముందే ఆమెని తీసుకొచ్చి కౌంటరు వెనక నిలబెట్టాడు.

ఆమె తలకి సరిగ్గా పైన ఒక బోర్డుంది. ఓనరు తండ్రి రాయించినది. "మీ మొహమే మీ చీటీ" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. వాడుక ఖాతాదారులు ఆ షాపులో చీటీ చూపించరు. వచ్చి మొహం చూపిస్తే చాలు, పేరు కట్టిన మూట బయటికొస్తుంది. చీటీ అడిగితే అవమానపడేవాళ్లు కూడా ఉన్నారు.

మొదటిరోజు మాస్టారు సూది ఆపి మరీ చూశాడు. ఆమె చాలా బాగా చేస్తోంది. మనిషి మెట్టెక్కుతుండగానే, ఇంజనీరు గారూ మీ స్వెట్టరు సిద్ధంగా ఉందండీ అంటోంది. నోరు తెరిచే పని లేకుండానే మూట చేతికిచ్చేస్తోంది. పాత అమ్మాయి కూడా ఇంత చురుగ్గా ఉండేది కాదని ఓనరు ఉబ్బిపోయాడు. కానీ చిరుగు ఎక్కడుందో వెతకడం మాస్టారి వృత్తి. బట్టల్లోనే కాదు, మనుషుల్లోనూ అదే వెతుకుతారని ఇంట్లో దెప్పుతుంటారు. సాయంత్రానికి ఆయనకి ఒక పోగు లేచి కనబడింది. ఆమె వచ్చినవాళ్ల మొహం చూడ్డం లేదు. కాలరుకీ జేబుకీ మధ్య చూస్తోంది. అక్కడ చూసి పేరు చెబుతోంది. ఎవరైనా కొత్త చొక్కా వేసుకొస్తే మాత్రం హఠాత్తుగా దారం ఉండ చుట్టడం మొదలుపెడుతుంది, వాళ్లు మాట్లాడేదాకా ఆ ఉండ వదలదు.

ఏమిటీ చోద్యం అనుకున్నాడు. అడుగుదామంటే మహారాణిని అడిగేదెవరు.

మూడోరోజు పొద్దున్నే లాయరు గారు వచ్చారు. నల్లకోటు కావాలన్నారు, కోర్టుకి టైమవుతోందన్నారు. గొంతు వినగానే ఆమె చేతిలో దారం ఉండ ఆగిపోయింది.

"నిన్న సాయంత్రం మీరే కదండీ తీసుకెళ్లారు?" అంది.

లాయరు గారు చేతిలో ఫైలు కౌంటరు మీద పెట్టేశారు. నిన్న ఊళ్లోనే లేనన్నారు. ఓనరు లోపల్నించి పరిగెత్తుకొచ్చాడు. మూటలన్నీ కిందికి దించారు, మెషీను వెనక కూడా వెతికారు. కోటు లేదు. ఎవరికిచ్చావని ఓనరు అడిగితే ఆమె మళ్లీ అదే మాటంది.

"నీలం చారల చొక్కా వేసుకొచ్చారు. కాలరు తిరగేసి కుట్టిన చొక్కా. ఆ చొక్కా లాయరు గారిదేనండీ, నేను ఎన్నిసార్లు ఇస్త్రీ చేశానో."

ఆ చొక్కా గురించి విని లాయరు గారు నుదురు రుద్దుకున్నారు. పాతబడిందని దాన్ని డ్రైవరుకి ఇచ్చేశారట. తర్వాత ఆ డ్రైవర్ని మాన్పించేశారు. ఇద్దరి కొలతా ఒకటే, అందుకే ఇచ్చారు. ఇది వినేసరికి ఓనరు మొహం నల్లబడింది. డ్రైవరు తన దుప్పటి ఇక్కడే ఉతకడానికి ఇచ్చాడనీ, అది ఇంకా అరలోనే ఉందనీ అప్పుడు తేలింది. దుప్పటి కోసం వచ్చినవాడికి కోటు ముట్టింది.

"లాయరు గారి మొహమెక్కడ, వాడి మొహమెక్కడ?" అన్నాడు ఓనరు. "నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఇద్దర్నీ ఏళ్ల తరబడి చూస్తున్నావు. కళ్లు కనబడవా? లేకపోతే వాడూ నువ్వూ కలిసే చేశారా?"

ఆమె జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకపోవడం కూడా పొగరులాగే కనబడింది. శనివారంలోగా కోటు రావాలి, రాకపోతే నువ్వు రానక్కర్లేదు, ఆ పైన లాయరు గారి దయ అని ఓనరు తీర్పు చెప్పేశాడు. ఆమె కౌంటరు వదిలి వెనకగదిలోకి వెళ్లింది. కాసేపటికి ఇస్త్రీ పెట్టె బల్ల మీద జరుగుతున్న చప్పుడు వినబడింది, రోజూ వినబడేట్టే.

తగిన శాస్తి అని మాస్టారు మొదట అనుకున్న మాట నిజం. ఇంటికి నడిచినంత దూరం అదే అనుకున్నాడు. కానీ ఆ చారల చొక్కా గొంతులో ముల్లులా ఉండిపోయింది. దొంగతనం చేసినదైతే నాకు తెలియదంటుంది, ఎవరో వచ్చారంటుంది. చొక్కాకి కాలరు తిరగేసి కుట్టిన సంగతి చెబుతుందా?

మాస్టారి పెద్దకూతురు ఆస్పత్రిలో నర్సు, నరాల జబ్బుల వార్డులో చేస్తుంది. తండ్రి చెప్పిందంతా విని, భోజనం చేస్తున్నది కాస్తా చెయ్యి ఆపింది.

"నాన్నా, ఆవిడ మనుషుల్ని జుట్టుని బట్టీ, నడకని బట్టీ, గొంతుని బట్టీ గుర్తుపడుతుందేమో చూడు. కొందరికి మొహాలు తెలియవు."

"కళ్లు కనబడకా?"

"కళ్లు శుభ్రంగా కనబడతాయి. ముక్కు కనబడుతుంది, నవ్వితే నవ్వుతున్నారని తెలుస్తుంది. ఇది ఫలానా వాళ్లు అన్నది మాత్రం తట్టదు. మెదడులో, కుడి చెవి వెనకాల అడుగువైపు, మొహాల పని చూసే చోటొకటి ఉంది. కొందరికి దెబ్బ తగిలి అది పోతుంది. కొందరికి పుట్టుకతోనే సరిగా పనిచేయదు. చాలామందికి తమ సంగతి తమకే తెలియదు, అందరూ ఇంతేననుకుంటారు."

ఆ రాత్రి మాస్టారికి ఇంకో పని తోచలేదు. గోడ మీద ఉన్న కుటుంబం ఫొటో తీసి తలకిందులు చేశాడు. తన సొంత అన్నగారే ఎవరో పరాయివాడిలా కనబడ్డాడు. నిలబెడితే మళ్లీ అన్నగారు. తిప్పాడు, మళ్లీ తిప్పాడు. తర్వాత భార్య తలకి తువ్వాలు చుట్టి జుట్టంతా దాచేశాడు. అయినా ఆవిడే. కళ్లజోడు పెట్టాడు, అయినా ఆవిడే. అసలు ఎలా తెలుస్తోంది? కళ్లు మూసుకుని ఆవిడ మొహాన్ని మాటల్లో చెప్పాలని చూశాడు. ముక్కు పొడుగుదా, పొట్టిదా? కనుబొమలు కలిశాయా, లేదా? ఒక్కటీ చెప్పలేకపోయాడు. అదే మొహాన్ని జాతరంత గుంపులో నిలబెట్టినా రెప్పపాటులో పట్టుకోగలడు.

"ఇన్నేళ్లు కాపురం చేసి ముక్కెలా ఉంటుందో చెప్పలేరు, మళ్లీ ఆవిణ్ణి అంటారు" అని భార్య తువ్వాలు విప్పి దండెం మీద వేసింది.

నిజమే. ఉన్నిబట్ట చూస్తే ఉన్ని అని తెలిసేది పోగులు లెక్కపెట్టి కాదు. నేత మొత్తం ఒక్కసారి కంటికి ఆనుతుంది. ఆమెకి ఆ మొత్తం ఆనడం లేదు. పాపం, లోకాన్నంతా పోగు పోగుగా చూసుకుంటూ తిరుగుతోందన్నమాట. మాస్టారికి ఆశ్చర్యం ముందు కలిగింది, జాలి తర్వాత వచ్చింది. కరెంటు స్తంభాన్ని చూసినట్టు చూసిన ఆ చూపులన్నీ వరసగా గుర్తొచ్చి, ఇన్నాళ్ల కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లాడు. అందరూ భోజనాలకి వెళ్లారు. ఆమె చొక్కా చేతులు పరిచి నీళ్లు చిలకరిస్తోంది. మొన్న బజారు మలుపులో నన్ను చూశావా అమ్మా అని అడిగాడు. మీరా, ఎప్పుడు అంది. ఆ ఆశ్చర్యం నటన కాదు.

"నల్లసంచీ పట్టుకున్నావు. నా పక్కనుంచే వెళ్లావు."

ఆమె ఇస్త్రీ పెట్టెని నిలువుగా నిలబెట్టింది. చాలాసేపు చొక్కా గుండీలు సవరించింది.

"బయట మీరెలా ఉంటారో నాకు తెలీదు మాస్టారూ. కిటికీ పక్కన, ఒళ్లో బట్ట, చేతిలో సూది ఉంటే మీరు. వీధిలో అందరూ ఒక్కలాగే ఉంటారు." తర్వాత మెల్లగా చెప్పింది. బడి వదిలాక గేటు దగ్గర అమ్మని సంచీ చూసి పోల్చుకునేదట. ఒకరోజు అమ్మ సంచీ మార్చింది, ఆమె ఏడుస్తూ అమ్మ ముందే నిలబడిపోయింది. మిగతా పిల్లలంతా శ్రద్ధగా చూస్తారనీ, తనే మొద్దుననీ అనుకుందట. ఇప్పటికీ అదే అనుకుంటోంది.

మాస్టారు తన కూతురు చెప్పిందంతా ఆమెకి చెప్పాడు. ఆమె విన్నది. కుడి చెవి వెనక వేలితో తడుముకుంది. అంతమందికి ఉంటుందా అని ఒకసారి, మందు లేదా అని ఒకసారి అడిగింది. తనకి తెలిసినంతవరకు లేదన్నాడు. ఆమె మొహంలో చిత్రమైన తేలిక కనబడింది, అంతలోనే పోయింది.

"ఎవరికీ చెప్పకండి."

"చెబితేనే కదమ్మా ఈ నింద పోయేది."

"దొంగంటే ఇంకో షాపు చూసుకుంటాను. ఇది చెబితే ప్రతివాడూ నా ముందు నిలబడి చూస్తాడు. వద్దు మాస్టారూ."

సరేనన్నట్టు తలూపాడు.

ఊపిన తల శుక్రవారం దాకా నిలబడింది. డ్రైవరు పాత గదిలో లేడని కబురొచ్చింది. పోలీసులకి చెబుతానని లాయరు గారు ఫోన్లో అనడం మాస్టారు కిటికీ దగ్గర్నించి విన్నాడు. అప్పుడిక ఆగలేక ఓనర్ని పక్కకి పిలిచి చెప్పేశాడు. మంచికే చెబుతున్నానని తనకి తాను చెప్పుకున్నాడు. అందులో నూటికి తొంభై పాళ్లు నిజం. మిగతా పదీ కుతూహలం. నిజమా కాదా అని కంటితో చూడాలన్న దురద.

ఓనరు నమ్మలేదు. మొహం తెలియని మనుషులుంటారా, ఇన్నేళ్లుగా జీతం ఇస్తున్న నా మొహం తెలియదా అన్నాడు. అయితే పరీక్షించండి అన్నాడు మాస్టారు. అన్నాక నాలుక కరుచుకున్నాడు, కానీ ఓనరు అప్పటికే లేచాడు. అప్పుడే మళ్లీ ఉతకడానికి వచ్చిన ఇంజనీరు గారి గోధుమరంగు స్వెట్టరు తొడుక్కున్నాడు. కళ్లజోడు తీశాడు, వేలి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. పెరటి దారిన బయటికెళ్లి చుట్టు తిరిగి వీధివైపు మెట్లెక్కాడు. కౌంటరు దగ్గరికి రమ్మని ఆమెకి ముందే కబురు పెట్టాడు. ఆమె వచ్చి నిలబడింది.

ఓనరు నోరు మెదపకుండా కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, మొహం ముందుకి పెట్టాడు. ఆమె కాలరు కింద చూసింది, జేబు చూసింది. కొంచెం నవ్వింది.

"ఇంజనీరు గారూ, మీ ప్యాంటు సాయంత్రానికి అవుతుందండీ."

మెషీను దగ్గరి అతను గట్టిగా నవ్వాడు. ఆమెకి ఏదో తప్పిందని తెలిసింది కానీ ఏమిటో తెలియలేదు. ఎదురుగా ఉన్న మనిషి, నేనమ్మా అన్నాక, గొంతు విన్నాక తెలిసింది. తల తిప్పి కిటికీ వైపు చూసింది. పీట మీద, ఒళ్లో బట్టతో, చేతిలో సూదితో ఉన్న మాస్టారిని చూసింది. ఆ చూపు కరెంటు స్తంభం మీది చూపు కాదు. ఆయన తల దించుకుని, కంత లేని చోట సూది గుచ్చాడు.

నింద పోయింది. ఓనరుకి దొంగతనం మాటే గుర్తులేకుండా పోయింది, తన మొహం సంగతే గుర్తుండిపోయింది. నాకంటే ఆ స్వెట్టరు నయమైపోయిందా అని సాయంత్రం దాకా గొణుగుతూనే ఉన్నాడు. ఆమెని మళ్లీ ఇస్త్రీ బల్లకి పంపి, కౌంటర్లో తనే కూర్చున్నాడు. బోర్డు దింపించి, చీటీ తప్పనిసరి అని అట్టముక్క వేలాడదీశాడు.

శనివారం డ్రైవరు తనంతట తనే వచ్చాడు. కోటు మడత పెట్టి తెచ్చాడు, జేబు దగ్గర చిన్న చిరుగు పడింది. ఎందుకు తీసుకెళ్లావంటే తల గోక్కున్నాడు.

"ఆవిడ లాయరు గారూ అని పిలిచి చేతిలో పెట్టింది సార్. నన్నెవరూ ఎప్పుడూ అలా పిలవలేదు. కాదని చెప్పబుద్ధి కాలేదు. తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. తర్వాత తీసుకురావడానికి సిగ్గేసింది."

తిట్టడానికి నోరు తెరిచిన ఓనరు, స్వెట్టరు గుర్తొచ్చిందో ఏమో, దుప్పటి ఇచ్చి పంపేశాడు. ఆ చిరుగు పూడ్చడానికి మాస్టారికి పూట పట్టింది. పూడ్చాక తనకే కనబడలేదు. అయినా ఆ రోజు ఆయనకి గర్వం కలగలేదు.

ఎందుకంటే ఆమె అన్నట్టే అయింది. ఓనరు ఈ వింతని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. దుర్మార్గంతో కాదు, కడుపులో ఆగక. జనం చీటీ చేతిలో పట్టుకుని వెనకగది గుమ్మం దాకా వెళ్లసాగారు. నేనెవరో చెప్పు చూద్దాం అనేవారు. ఒకాయన టోపీ పెట్టుకుని అడిగి, టోపీ తీసి మళ్లీ అడిగాడు. ఒకావిడ తన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చి ఇద్దరం పక్కపక్కన నిలబడతామంది. ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగుతుంది, ఆమె ఏదో అంటుంది, నవ్వులు వినబడతాయి, మళ్లీ చప్పుడు మొదలవుతుంది. ఆ నవ్వు వినబడిన ప్రతిసారీ సూది తన వేలికే దిగినట్టు ఉండేది మాస్టారికి. కుతూహలం తనదే. దాన్ని ఊరంతటికీ పంచిపెట్టింది కూడా తనే.

ఆమె ఆయనతో మాట్లాడ్డం మానేసింది. చిరిగిన బట్టలు తెచ్చి పీట పక్కన పెట్టి వెళ్లిపోతుంది. టీ గ్లాసు ఎవరిది వాళ్లే తీసుకుంటున్నారు. ఒకసారి వెనకాలే వెళ్లి, తప్పయిందమ్మా అన్నాడు. పనుందండీ అంది, బట్ట మీంచి కళ్లెత్తకుండా.

బజారులో ఎదురైనప్పుడు పలకరిస్తే సరిపోతుంది కదా, గొంతు ఆమెకి తెలుసు అంది కూతురు. మాస్టారు అడ్డంగా తలూపాడు. పలకరిస్తే ఆమె జవాబు చెప్పక తప్పదు. గుమ్మం దగ్గర నిలబడి నేనెవర్ని అని అడిగేవాళ్లకీ తనకీ ఇంక తేడా ఏముంటుంది? ఇన్నాళ్లూ ఆమె తనని కాదనుకుని వెళ్లలేదు, తెలియక వెళ్లింది. తెలిసి పలకడమో, తెలిసి మానడమో ఆమె చేతిలో ఉండాలి.

ఆదివారం తన బూడిదరంగు చొక్కా ఒళ్లో పెట్టుకున్నాడు. జేబు మీద చిరుగేమీ లేదు. ఎర్రదారం తీసుకుని, లావుపాటి సూదిలోకి ఎక్కించి, చిల్లు పూడ్చినట్టు అడ్డంగా, నిలువుగా అల్లడం మొదలుపెట్టాడు. చెయ్యి మాట వినలేదు. అలవాటుకొద్దీ కుట్టు కుదురుగా, సన్నగా పడబోతోంది. విప్పి మళ్లీ కుట్టాడు. చివరికి అరచేతిలో సగం ఉన్న ఎర్రటి గళ్లముక్క తయారైంది, నేర్చుకోవడానికి వచ్చిన మొదటిరోజు కూడా ఆయన అంత అసహ్యంగా కుట్టలేదు. రఫూ మాస్టారి చొక్కాకా ఇది, జనం చూస్తే పని ఇస్తారా అని భార్య నోరు నొక్కుకుంది. చూడాలనే కుట్టానన్నాడు.

సోమవారం షాపులో దాని మీద బట్ట కప్పుకునే కూర్చున్నాడు. సాయంత్రం ఆమె బయల్దేరాక, ఇంకో సందులోంచి నడిచి బజారు మలుపు దగ్గరికి ఎదురుగా వచ్చాడు. దూరం నుంచి నల్లసంచీ కనబడింది. మాస్టారు నవ్వలేదు, దగ్గలేదు, నడక మార్చలేదు. చేతులు పక్కన పెట్టుకుని మామూలుగా నడిచాడు.

ఆమె చూపు అలవాటు ప్రకారం కాలరు దగ్గరికి వచ్చి, జేబు మీదికి దిగింది. ఆగింది. ఎర్రదారం మీద నిలిచింది. అందులో ఏ పోగు ఏ పోగు కిందనుంచి వెళ్లిందో చదువుతున్నట్టు చూసింది. దారం ఎంత లావుదైనా, రోజూ తన బల్ల మీదికొచ్చే అల్లికే అది. తర్వాత తలెత్తి ఆయన మొహం చూసింది. ఆయనెవరో ఆమెకి తెలుసు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

అప్పుడు ఆమె మొహం తిప్పుకుని, సంచీ చెయ్యి మార్చుకుని, పక్కనుంచి వెళ్లిపోయింది.

మాస్టారు నిలబడిపోయాడు. ఇదీ మొహం చాటెయ్యడమంటే. ఇన్నేళ్లుగా ఇదే చేస్తోందనుకున్నాడు, ఈరోజే మొదటిసారి చేసింది. రొమ్ములో నొప్పిగా ఉంది, దాని పక్కనే తేలిగ్గా కూడా ఉంది. చెయ్యనీ, ఆమెకి ఆ హక్కుంది అనుకుని అడుగు ముందుకి వేశాడు.

"మాస్టారూ."

వెనక్కి తిరిగాడు. కాస్త దూరంలో, జనం మధ్య, ఆమె ఆగి ఉంది. జేబు వైపే చూస్తోంది.

"ఆ ఎర్రదారం రంగు దిగే రకం. తెల్లవాటితో కలిపి ఉతకనివ్వకండి" అంది. కొంచెం ఆగి, "రేపు తీసుకురండి, ముందు ఉప్పునీళ్లలో నానబెడతాను" అంది.

అలాగేనమ్మా అన్నాడు.